హెచ్‌ఆర్ అడిగినా రాజీనామా రాయకండి

రేపల్లె డివిజన్‌లో చాలా ఇళ్లకు ఒక కాలు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, ఇంకో కాలు రొయ్యల చెరువు గట్టు మీద ఉంటుంది. 2025లో రెండూ కదిలాయి. జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి రొయ్యల ఎగుమతిదారులకు ఆర్డర్ల బెంగ పట్టుకుంది. ఎగుమతి తగ్గితే ప్రాసెసింగ్ ప్లాంటులో పని తగ్గుతుంది, పని తగ్గితే ముందు కదిలేది రొయ్య ఒలిచే ఆడవాళ్లే.

పని పోయినప్పుడు ఆఫీసులో వినిపించే మాట ఒకటుంది: 'మీరే రాజీనామా ఇచ్చేయండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది.' సంబంధాలు చూస్తున్న రోజుల్లో 'తీసేశారట' అన్న మాట ఊళ్లో పడకూడదని చాలామంది ఆ సంతకం పెట్టేస్తారు. దాని ఖరీదు ఎంతో ముందు తెలుసుకోండి.

సంతకం ఖరీదు

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని తప్పు లేకుండా తొలగిస్తే నెల రోజుల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన చివరి ముక్కను పూర్తి ఏడాదిగానే లెక్కిస్తారు. ఇవి కాక, మరో పని నేర్చుకోవడానికి 15 రోజుల వేతనాన్ని యజమాని నైపుణ్య నిధికి కట్టాలి. తొలగించిన 45 రోజుల్లో ఆ డబ్బు మీ ఖాతాలో పడాలి.

నెలకు 18,000 వేతనంతో 7 ఏళ్ల 8 నెలలు చేసినవారి లెక్క చూద్దాం. సర్వీసు 8 ఏళ్లుగా లెక్కకు వస్తుంది.

నోటీసు జీతం: 18,000
పరిహారం: 9,000 చొప్పున 8 ఏళ్లకు 72,000
నైపుణ్య నిధి: 9,000
గ్రాట్యుటీ: 18,000ని 26తో భాగించి, 15తో, 8తో హెచ్చిస్తే సుమారు 83,077

మొత్తం 1,82,077 రూపాయలు. పీఎఫ్, వాడుకోని సెలవుల డబ్బు దీనికి అదనం. ఇదే మనిషి రాజీనామా రాసిస్తే గ్రాట్యుటీ మిగులుతుంది, మొదటి మూడూ పోతాయి. అంటే ఆ ఒక్క కాగితం ఖరీదు 99,000.

శిక్షణ బాండు రాసి ఉంటే ఇంకో చిక్కు. 'మూడేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలి' అన్న షరతు మానేసినవారికి వర్తిస్తుంది. వాళ్లు తీసేస్తే మీరు మానేసినట్టు కాదు. రాజీనామా రాస్తే మాత్రం ఆ బాండును మీరే తట్టి లేపినట్టు.

ఎవరికి వర్తిస్తుంది

హోదా పేరు చూసి బెదరకండి. 'లీడ్', 'అసోసియేట్ మేనేజర్' అని కార్డు మీద ఉన్నా, చట్టం చూసేది రోజూ చేసే పనిని. మేనేజరు పని చేసేవారు, 18,000 దాటిన జీతంతో సూపర్‌వైజరు పని చేసేవారు ఈ పరిహారం పరిధిలోకి రారు. సాంకేతిక పని చేసేవారు వస్తారు. అందుకే ఎవరిమీద అజమాయిషీ లేకుండా కోడ్ రాసే, టెస్టింగ్ చేసే కుర్రాడు తన హక్కును ముందుగానే వదులుకోనక్కర్లేదు.

ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లకు చూడాల్సింది హాజరు. గత 12 నెలల్లో 240 రోజులు పని చేస్తే ఏడాది సర్వీసు నిండినట్టే. జీతం ఇచ్చిన సెలవు రోజులూ ఆ లెక్కలోకి వస్తాయి. హాజరు పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది కాబట్టి మీ రోజులు మీరు కూడా రాసుకోండి. నెలాఖరున ఆ పేజీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ప్లాంటు యజమానిదే.

గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగమైతే, గడువు ముగిసినప్పుడు పరిహారం రాదు. కానీ కొత్త కోడ్ ప్రకారం ఏడాది చేసినా సర్వీసును బట్టి గ్రాట్యుటీ వస్తుంది.

కాగితం ముందు పెట్టినప్పుడు

అమెరికాలో మూకుమ్మడిగా తొలగిస్తే, 40 ఏళ్లు నిండిన ఉద్యోగి వయసు వివక్ష హక్కులు వదులుకునే కాగితం మీద ఆలోచించుకోడానికి 45 రోజులు, పెట్టిన సంతకం వెనక్కి తీసుకోడానికి 7 రోజులు ఉంటాయి. ఇక్కడ అలాంటి గడువు రాసి లేదు. కాబట్టి ఆ గడువు మీరే అడిగి తీసుకోవాలి. 'ఇంట్లో చూపించి రెండు రోజుల్లో చెబుతానండీ' అని మెయిల్ పెట్టండి. మాటగా చెప్పిందంతా అదే రోజు మెయిల్లో తిరిగి రాయండి: 'ఈ రోజు మీటింగులో నన్ను రాజీనామా చేయమన్నారు. నేను రాజీనామా చేయడం లేదు. తొలగింపు ఉత్తర్వు ఇవ్వగలరు.'

తొలగించిన రెండు పని దినాల్లో రావాల్సిన జీతం చెల్లించాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. డబ్బు తక్కువగా ఇచ్చి 'ఇక ఏ బాకీ లేదు' అని సంతకం అడిగితే, పక్కన 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి తీసుకోండి.

మీ వైపు బాధ్యతలూ ఉన్నాయి. లాప్‌టాప్, కార్డు అప్పగించి రసీదు తీసుకోండి. కంపెనీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి. అది మీ కేసునే చెడగొడుతుంది. సంస్థ రహస్యాలు బయటపెట్టకూడదు. కానీ 'ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదు' అన్న షరతు ఉద్యోగం పోయాక చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అలాంటి నిర్బంధాన్ని ఒప్పుకోదు.

ఎక్కడికి వెళ్లాలి

ప్లాంటు బాపట్ల జిల్లాలో ఉంటే ఇక్కడి కార్మికశాఖకు, ఉద్యోగం హైదరాబాద్‌లో అయితే తెలంగాణ కార్మికశాఖకు అర్జీ పెట్టాలి. రాజీ కోసం అర్జీ పెట్టి 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన రోజు నుంచి రెండేళ్లు దాటనివ్వకండి. వకీలు ఫీజుకు జంకితే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోను చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

ఇంతకీ ఈ 15 రోజుల పరిహారం న్యాయమేనా? ఈ కొలత 1953లో చట్టంలోకి వచ్చింది. 70 ఏళ్లు దాటినా అదే నడుస్తోంది. రోజుల సంఖ్య పెంచే అధికారాన్ని కొత్త కోడ్ ప్రభుత్వం చేతిలో పెట్టింది. యూనియన్లు, ఎమ్మెల్యేలు అడగాల్సింది ఆ పెంపే. ఈలోగా, చట్టం ఇచ్చిన ఆ కాస్తనైనా మీ సంతకంతో మీరే వదులుకోకండి.