పాత రేకులు విప్పేముందు: రాతినార కథ
గృహ పథకం లబ్ధిదారులకు సమాచారం, ఆత్మకూరు

కొత్త ఇంటికి పునాది తీయాలంటే ముందు పాత రేకుల కొట్టం విప్పాలి. చాలామంది ఈ పని సొంతంగానే చేసుకుంటారు. ఆ బూడిదరంగు సిమెంటు రేకులో ఏముందో తెలుసుకున్నాక నిచ్చెన వేయండి.

రేకులో ఎక్కువ భాగం సిమెంటే. నూటికి 8 నుంచి 10 పాళ్లు మాత్రం ఆస్‌బెస్టాస్. ఇది ఫ్యాక్టరీలో పుట్టింది కాదు, భూమిలో దొరికే ఖనిజం. చూస్తే రాయే, కానీ గోగునార మాదిరి పోగులు పోగులుగా విడిపోతుంది. అందుకే తెలుగులో రాతినార అన్నారు. ఇంతకంటే సరైన పేరు ఉండదు.

'ఆస్‌బెస్టాస్' అనేది గ్రీకు మాట. 'చల్లారనిది, ఆర్పలేనిది' అని అర్థం. విచిత్రమేమంటే గ్రీకులు ఆ మాట ఎక్కువగా వాడింది కాల్చిన సున్నానికి! మనం సున్నాన్ని నీళ్లు పోసి చల్లారుస్తాం చూడండి, ఆ లెక్కన. రాతినారను వాళ్లు 'అమియాంటోస్' అనేవాళ్లు, అంటే మకిలి అంటనిది. ఆ నారతో నేసిన గుడ్డను నిప్పులో వేస్తే మురికి కాలిపోతుంది, గుడ్డ కాలదు. రోమన్ రచయిత ప్లినీ ఈ ఖనిజాన్ని ఆస్‌బెస్టాస్ అని రాశాక ఆ పేరే నిలబడింది. గ్రీసులో నేటికీ సున్నాన్ని దాదాపు ఆ మాటతోనే పిలుస్తారు.

ఇదేదో దూరదేశపు రాయి అనుకోకండి. పక్కనే కడప సీమలో, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె ప్రాంతంలో తెల్ల రాతినార గనులు నడిచాయి. 1986లో కేంద్రం కొత్త లీజులు ఆపేసింది. దిగుమతి మాత్రం ఆగలేదు, రేకులు తయారవుతూనే ఉన్నాయి.

లీజులు ఎందుకు ఆపారంటే, ఈ పోగులు కంటికి కనిపించనంత సన్నగా చీలతాయి. దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోయినవి అక్కడే దిగబడిపోతాయి. జబ్బు 20, 30 ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అన్ని రకాల రాతినారా క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రేకు పగలకుండా పైన ఉన్నంతకాలం కింద ఉన్నవాళ్లకు భయం తక్కువే. కొట్టినప్పుడు, కోసినప్పుడు, మెషిన్‌తో రంధ్రం వేసినప్పుడే అసలు ప్రమాదం. కాబట్టి సుత్తితో పగలగొట్టొద్దు. నీళ్లు చల్లి బాగా తడిపి, నట్లు విప్పి, ఒక్కో రేకునూ నిండుగా దించండి. పాత రేకు మీద కాలు పెట్టొద్దు, విరిగి కిందపడతారు. పి-100 రకం మాస్క్ పెట్టుకోండి, ముఖానికి కట్టిన తువ్వాలు చాలదు. పిల్లలను ఆ దరిదాపులకు రానీయొద్దు. ఆ రోజు కట్టుకున్న బట్టలు దులపకుండా విడిగా తడిపి ఉతకండి.

నేలమీది దుమ్మును పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తీయండి. ముక్కలను దారి గుంతల్లో పోయొద్దు. తడిపి, మందపాటి సంచిలో మూతి కట్టి, ఎక్కడ వేయాలో మీ సచివాలయంలోని ఇంజినీరింగ్ సిబ్బందిని అడగండి.