పోటీ పరీక్షల ప్రత్యేకం: చిరు వ్యాపారుల పింఛను – ఎవరి వాటా ఎంత?

శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం పట్టుచీరల కొట్టు, హిందూపురం చింతపండు దుకాణం, పెనుకొండ టీ అంగడి ఒక్కరే నడుపుకునేవారికి పీఎఫ్ ఉండదు. మలివయసులో వారికి ఆసరాగా కేంద్రం తెచ్చిన పథకాలు పరీక్షకే కాదు, మన ఇళ్లకూ అవసరమే.

వ్యాపారులు, స్వయం ఉపాధి పొందేవారి జాతీయ పింఛను పథకం
- ప్రారంభం: 2019 సెప్టెంబరు 12, రాంచీ
- చేరే వయసు: 18–40 ఏళ్లు
- వార్షిక టర్నోవర్: రూ.1.5 కోట్లు మించకూడదు
- నెల చందా: 18 ఏళ్లకు రూ.55, 29కి రూ.100, 40కి రూ.200; కేంద్రం అంతే జమ చేస్తుంది
- 60 ఏళ్లు నిండాక: నెలకు కనీసం రూ.3,000
- అనర్హులు: ఆదాయపు పన్ను చెల్లించేవారు, ఈపీఎఫ్ఓ, ఈఎస్ఐసీ సభ్యులు
- పింఛను నిధి నిర్వహణ: ఎల్ఐసీ
- చందాదారు మరణిస్తే: జీవిత భాగస్వామికి సగం పింఛను

అటల్ పింఛను యోజన
- ప్రారంభం: 2015 మే 9
- పింఛను: రూ.1,000–5,000
- రూ.5,000 కోసం నెల చందా: 18 ఏళ్లకు రూ.210, 40కి రూ.1,454

మాదిరి ప్రశ్న: మొదటి పథకంలో 29 ఏళ్లకు చేరిన వ్యాపారి ఖాతాలో నెలకు మొత్తం ఎంత జమవుతుంది?
జవాబు: రూ.200 (తన వాటా 100, కేంద్రం వాటా 100).

గుర్తుంచుకోండి: ఆలస్యంగా చేరితే చందా పెరుగుతుంది.