మీనా, నౌసికా, మన కొల్లేరు

చెల్లీ, ఈసారి ముచ్చట మా మేనకోడలు తెచ్చిపెట్టింది. సెలవులకి పెదవేగి వచ్చింది పిల్ల. పామాయిల్ తోటలో గెలలు కోసేవాళ్లకి అన్నాలు పెట్టి నేను ఇంటికొచ్చేసరికి అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందే అని కంగారుపడ్డాను. "ఏం లేదత్తా, నౌసికా అయిపోయింది" అంది. ఒళ్లో లావుపాటి బొమ్మల పుస్తకం.

నౌసికా సినిమా ఏడాది కిందట తనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. ఆఖరికి అంతా మంచే జరిగింది కదా, మళ్లీ ఈ ఏడుపెందుకు అన్నాను. "ఆ అమ్మాయి వేరత్తా, ఈ అమ్మాయి వేరు" అంది. ఆ మాటతో నా మనసు తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లింది. 2016 జూన్‌లో మన 'మీనా' నవల కథతో వచ్చిన 'అ ఆ' సినిమా చూసి హాలు మెట్లు దిగుతూ అచ్చం ఇదే మాట నేను మా వదినతో అన్నాను.

ముందు నౌసికా సంగతి చెప్తాను. జపాన్‌లో బొమ్మల కథల్ని మాంగా అంటారు, తెర మీద కదిలితే అనిమే. హయావో మియజాకి 1982లో 'ఆనిమేజ్' అనే మాసపత్రికలో నౌసికా కథ మొదలుపెట్టాడు. 1984 మార్చికల్లా తనే దాన్ని సినిమా తీశాడు. కథ మాత్రం అక్కడ ఆగలేదు. మధ్యమధ్యలో వేరే సినిమాల కోసం ఆపుతూ, మళ్లీ అందుకుంటూ, 1994 దాకా గీశాడు. ఏడు సంపుటాలైంది. అంటే సినిమా తీసేనాటికి ఆ పిల్ల చివరికి ఏం చేస్తుందో పుట్టించినవాడే ఇంకా రాయలేదు.

గాలిలోయ అనే చిన్న రాజ్యానికి యువరాణి నౌసికా. లోకమంతా విషపు అడవి కమ్ముకొస్తుంటుంది. ముసుగు లేకుండా అందులో ఊపిరి పీలిస్తే ప్రాణం పోతుంది. ఓము అనే కొండంత పురుగులు తిరుగుతుంటాయి. అందరూ అడవిని తగలబెట్టాలంటారు. నౌసికా ఒక్కతే దాన్ని ప్రేమగా గమనిస్తుంది. మనుషులు నేలలో కలిపిన విషాన్ని ఆ చెట్లు పీల్చి శుభ్రం చేస్తున్నాయనీ, అడవి అడుగున తేటనీళ్లున్నాయనీ కనిపెడుతుంది. సినిమా చివర్లో, కోపంతో దూసుకొస్తున్న పురుగుల మంద ముందు నిలబడి ప్రాణమిస్తుంది. ఆ పురుగులే తమ బంగారు మీసాలతో ఆమెను పైకెత్తి బతికిస్తాయి. పూర్వం ఎవరో చెప్పిన జోస్యం నిజమవుతుంది, నౌసికా దేవతైపోతుంది. నాకూ కళ్లు చెమర్చాయి, కాదనను.

పుస్తకంలోనో? అది మొదటి మజిలీ మాత్రమే. ఆ తర్వాత యుద్ధం, శవాలు, తన వల్ల చచ్చిపోయినవాళ్ల గుర్తులు. ఎక్కడో షువా అనే నగరంలో అసలు నిజం బయటపడుతుంది. ఆ అడవి దానంతటది మొలిచింది కాదు, వెయ్యేళ్ల కిందటివాళ్లు భూమిని కడగడానికి తయారుచేసి పెట్టింది. ఆ విషంలో బతకడానికి వీలుగా మనుషుల ఒళ్లు కూడా వాళ్లే మార్చేశారు. భూమి పూర్తిగా శుభ్రపడిన రోజున ఆ గాలి వీళ్లకి పడదు, నెత్తురు కక్కుకుని పోతారు. శుభ్రమైన లోకంలో ఉండాల్సిన కొత్త మనుషులు గుడ్ల రూపంలో అక్కడే భద్రంగా ఉన్నారు. నౌసికా ఏం చేసిందో తెలుసా? ఆ గుడ్లతో సహా ఆ చోటునంతా కూలగొట్టించింది. తనవాళ్లకి ఈ సంగతి చెప్పకుండా కడుపులో దాచుకుని, పదండి బతుకుదాం అంది. దేవత చేసే పని కాదది. పాపమో పుణ్యమో తేల్చుకోలేని పని. నా మేనకోడలు ఏడ్చింది అందుకు.

ఇదంతా పిల్ల చెబుతుంటే నాకు మన కొల్లేరే కళ్లముందు నిలిచింది చెల్లీ. మా చిన్నత్తని ఇచ్చింది కొల్లేటి లంకలో. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సుకి ఊపిరాడాలంటే అది కావలసిందే. మందులూ మేతలూ కలిసిన నీళ్లు, గుర్రపుడెక్క, పూడిపోతున్న ఉప్పుటేరు, ఇవన్నీ నేనూ చూశాను. ఆటపాకలో చెట్ల నిండా గూడబాతులు వాలినప్పుడు నా మనసెంత నిండుతుందో చెప్పలేను. కానీ గట్లు తెగిన మర్నాడు చిన్నత్త మా ఇంటికొచ్చి, "నీళ్లు బాగుపడాలి, వద్దన్నదెవరే? మరి మేమూ ఈ నీళ్లలో పుట్టినవాళ్లమేగా" అంది. మంచినీళ్లు వద్దనే మనిషి కాదావిడ. ఆ మంచినీళ్ల లెక్కలో తనకి చోటెక్కడో అడిగింది. సినిమా నౌసికా దగ్గర ఆ ప్రశ్నకి చోటు లేదు. పన్నెండేళ్లు ఎదిగిన నౌసికా దగ్గర ఉంది.

ఇప్పుడు మన మీనా దగ్గరికి రా. మీనాని రాసిన యద్దనపూడి సులోచనారాణి కాలంలో కథలు మనకి సీరియల్‌గానే అందేవి. ఆవిడ 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో అలాగే వచ్చింది. మా అమ్మ పత్రికల్లోంచి కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్టవేసి దాచుకునేది. దొరకనివి ఏలూరులో అద్దె పుస్తకాల కొట్టునుంచి తెప్పించుకునేది. నెలకోసారి వచ్చే కథలో అమ్మాయి అనుమానపడితే చదివే మనిషి కూడా నెలంతా ఆ అనుమానంతోనే వంట చేస్తుంది, బట్టలుతుకుతుంది. నేను అమ్మ దగ్గర చూసిందదే. మాంగాకీ మన సీరియల్‌కీ ఇక్కడే చుట్టరికం. రెండూ మనతోపాటు కాలం గడుపుతాయి.

'మీనా' రెండు భాగాల పెద్ద నవల. పట్నంలో డబ్బున్న ఇల్లు, అమ్మ మాటే చట్టం. నాన్న తరపు పల్లెకి వెళ్లిన మీనా అక్కడి మనుషుల్ని, బావని, తనని తాను తెలుసుకోవడమే కథ. పైకి ఇంతే. లోపలంతా మీనా ఆలోచనలే. అమ్మంటే భయం, అమ్మ మీద జాలి, తనలో కూడా అమ్మ పోలిక ఉందేమోనన్న దిగులు, ఇవే పేజీల కొద్దీ చదువుకున్నట్టు నాకు గుర్తు. 1973లో విజయనిర్మల దీన్ని సినిమా తీసి, తనే మీనాగా వేసింది. తెలుగులో ఆవిడ దర్శకత్వం చేసిన తొలి సినిమా అది. మొత్తం మీద 44 సినిమాలకి దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఒక ఆడమనిషి రాసిన పిల్లని ఇంకో ఆడమనిషి తీసి, తనే వేయడం, పేరు కూడా మార్చకపోవడం నాకెంతో ఇష్టం.

2016లో అదే కథతో త్రివిక్రమ్ శ్రీనివాస్ 'అ ఆ' వచ్చింది. మీనా అనసూయ అయింది, బావ ఆనంద్ విహారి. టైటిల్స్‌లో యద్దనపూడి పేరు లేదని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. సమంత ఎంత ముద్దుగా చేసిందో, నదియా తల్లిగా ఎంత నిండుగా ఉందో నేను పదిమందికి చెప్పాను. సినిమా బాగుంది. కానీ పేరులోనే చూడు, 'అ' పక్కన 'ఆ' వచ్చి కూర్చుంది. కథలో సగం బావ అప్పులకి, బావ చెల్లెలి పెళ్లికి, బావకి పిల్లనివ్వాలని చూసే ఊరి పెద్దమనిషికి పోయింది. మీనా ఆలోచించేది, అనసూయ మాట్లాడుతుంది. నవ్వించేలా మాట్లాడుతుంది. ఆ నవ్వుల మధ్య, అమ్మ పోలిక తనలో ఉందేమోనని రాత్రిపూట దిగులుపడే పిల్ల మాత్రం నాకు కనిపించలేదు. మా అమ్మ కాగితాలు కుట్టి దాచుకున్నది ఆ దిగులు కోసమే అనిపిస్తుంది నాకు.

రెండున్నర గంటల్లో ఆలోచనని చూపించడం కష్టమే, ఒప్పుకుంటాను. మియజాకి అంతటివాడు తన పిల్లనే తెర మీద దేవతని చేసేశాడు మరి. అందుకే తీసినవాళ్ల మీద నాకు కోపం రాదు. కథానాయిక మనసులో మాట తీసేసిన చోట ఏం పెట్టారన్నదే చూస్తాను. మియజాకి ఒక ఆశని పెట్టాడు. మన దగ్గర ఆ చోటు ఎక్కువగా కథానాయకుడికి ఇచ్చేస్తారు.

అన్నీ ఇలాగే అవ్వాలనేం లేదు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' తెలుగు మాటలతో వచ్చింది కదా, దానికీ మేనకోడలే నన్ను బెజవాడ తీసుకెళ్లింది. కొయోహారు గొతోగే రాసిన ఆ మాంగా 2020లోనే ముగిసిపోయింది. అందులో కథానాయకుడైన పిల్లాడు తంజిరో చివరికి ఎలాంటివాడవుతాడో తీసేవాళ్లకి ముందే తెలుసు. పేజీలో నాలుగు గీతలుగా ఉన్న యుద్ధం తెర మీద చాలాసేపు సాగుతుంది, పిల్లాడు మాత్రం మారలేదని మేనకోడలి తీర్పు.

ఇంకో సంగతి వింటే నువ్వు సంబరపడతావు. మన 'ఆర్ఆర్ఆర్'ని 2024 జనవరిలో జపాన్‌లోని తకరాజుకా వాళ్లు పాటల నాటకంగా వేశారు. 1914 నుంచి ఆడుతున్న బృందం అది, అందరూ ఆడవాళ్లే, మగ వేషాలూ వాళ్లవే. కథని భీమ్ వైపు నుంచి చెప్పారు. పిల్లని వెతుక్కుంటూ వచ్చిన అడవి మనిషి మనసుని నడిమధ్యన పెట్టారు. చూడు, మార్చడమంటే పోగొట్టడమే కానక్కర్లేదు. ఒకరి లోపలికి ఇంకాస్త దూరం వెళ్లడం కూడా కావచ్చు.

ఇదంతా మేనకోడలికి చెప్పి, అటక మీంచి అమ్మ అట్టవేసిన 'మీనా' మొదటి భాగం దింపి ఇచ్చాను. అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది పాపం, దాని చదువంతా ఇంగ్లీషు మీడియం. మూడో రోజుకి వేగం అందుకుంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "అత్తా, మీనాకి వాళ్ల అమ్మంటే కోపమా, ప్రేమా?"

"నువ్వేమనుకుంటున్నావే?" అన్నాను.

"ఇంకా తెలీట్లేదు. రెండో భాగం ఏదీ?"

అది చిన్నత్త దగ్గరుంది. ఎప్పుడో పట్టుకెళ్లి ఇవ్వలేదు. ఆదివారం ఇద్దరం కైకలూరు బస్సెక్కుతున్నాం. లంకలో దిగి పుస్తకం తీసుకుని, ఎండ తగ్గాక ఆటపాక వెళ్లి గూడబాతుల్ని చూసొస్తాం. నౌసికా పుస్తకం కూడా సంచిలో పెట్టింది పిల్ల, చిన్నత్తకి బొమ్మలు చూపిస్తూ కథ చెబుతుందట.