థియోసిస్: క్రైస్తవంలో మానవ దైవీకరణ

దేవుని కృపతో మనిషి దైవ జీవంలో పాలుపొందడమే థియోసిస్. తూర్పు ఆర్థడాక్స్ సంప్రదాయంలో రక్షణకు పరమ లక్ష్యం ఇదే. అయితే మనిషి స్వభావరీత్యా దేవుడైపోడు. సృష్టికర్తకూ సృష్టికీ భేదం చెరగదు.

బైబిలు ఆధారాలు: 2 పేతురు 1:4 (అతి ముఖ్యం), కీర్తన 82:6, యోహాను 10:34.

ఈ భావనను బోధించిన తొలి సంఘ పితరులు — 2వ శతాబ్దం: లియోన్ బిషప్ ఐరేనియస్. 4వ శతాబ్దం: అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్, మనిషిని దైవత్వంలోకి చేర్చడానికే దేవుడు మనిషయ్యాడని వాదించారు. 7వ శతాబ్దం: మాక్సిమస్ ది కన్ఫెసర్.

తప్పక గుర్తుంచుకోవలసిన పేరు గ్రెగరీ పాలమాస్ (1296–1359). అథోస్ పర్వత సన్యాసి. తర్వాత థెస్సలోనికా ఆర్చిబిషప్. ఆయన బోధ ప్రకారం దేవుని సారం మనిషికి అందదు, దైవ శక్తులు మాత్రం అందుతాయి. ఆ శక్తులు సృష్టించబడినవి కావు. ఈ సారం–శక్తుల భేదమే ఆయన సిద్ధాంతానికి గుండెకాయ. హెసికాజం అనే మౌన ప్రార్థన సాధకులు చూసే వెలుగు, యేసు రూపాంతర వేళ తాబోరు కొండపై శిష్యులు చూసినదేనని సమర్థించారు. ప్రత్యర్థి: కలాబ్రియాకు చెందిన బర్లామ్. 1341, 1347, 1351 కాన్‌స్టాంటినోపుల్ సభలు పాలమాస్ పక్షాన నిలిచాయి. 1368లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. స్మరణ దినం: గ్రేట్ లెంట్ రెండో ఆదివారం.

కాథలిక్ సంఘ సత్యోపదేశ గ్రంథం (1992) 460వ పేరాలోనూ థియోసిస్ భావన ఉంది.