నెల తక్కువ బిడ్డకు మాట వినపడుతుందా?

'బండి' వేరు. 'గండి' వేరు. రెండు మాటలకూ తేడా ఒక్క అక్షరమే. 'బ', 'గ' అక్షరాలను మనం పలక మీద దిద్ది నేర్చుకున్నాం. కానీ ఆ రెండు శబ్దాల తేడా మన చెవికి ఎప్పుడు తెలిసింది? పుట్టాకనా? అంతకుముందేనా?

కడుపులోనే వినికిడి

ఆరో నెల దాటాక కడుపులోని బిడ్డకు చప్పుళ్ళు వినపడటం మొదలవుతుంది. తల్లి గుండె చప్పుడు వినపడుతుంది. తల్లి గొంతు వినపడుతుంది. బయటి మాటలు మాత్రం, మనం చెరువులో మునిగినప్పుడు గట్టు మీది మాటలు వినపడినట్లు, మొద్దుగా వినపడతాయి. మాట తెలియదు. రాగం తెలుస్తుంది. అందుకే పుట్టిన బిడ్డ తల్లి గొంతు గుర్తుపడుతుంది.

ముందే పుడితే?

నిండు కాన్పుకు 40 వారాల లెక్క. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెల తక్కువ బిడ్డ అంటారు. 2020లో ప్రపంచంలో ఇట్లాంటి బిడ్డలు సుమారు 1 కోటి 34 లక్షల మంది పుట్టారు. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు.

"ఇంత పసిగుడ్డుకు మాటలేం తెలుస్తాయి?" అని చాలామంది అనుకుంటారు. ఫ్రాన్సు దేశంలో శాస్త్రవేత్తలు ఈ సంగతి పరీక్షించారు. 28 నుంచి 32 వారాలకే పుట్టిన 12 మంది బిడ్డలకు, నిద్రలో వుండగా, 'బ', 'గ' శబ్దాలు వినిపించారు. తలకు నొప్పి లేని పరికరాలు పెట్టి మెదడు పనిని గమనించారు. 'బ' వస్తూ వస్తూ 'గ' రాగానే మెదడు ఆ తేడా పసిగట్టింది. మగ గొంతు, ఆడ గొంతు తేడా కూడా పసిగట్టింది. ఈ ఫలితం 2013లో బయటికి వచ్చింది.

మరి ఇబ్బంది ఎక్కడ?

కడుపులో చివరి మూడు నెలల్లో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. నెల తక్కువ బిడ్డకు ఆ ఎదుగుదల ఆస్పత్రిలో, గాజు పెట్టెలో జరగాలి. అక్కడ తల్లి గొంతు తక్కువ. యంత్రాల మోత ఎక్కువ. ఇట్లాంటి బిడ్డల్లో కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి. కొందరికి వినికిడి లోపం కూడా వుంటుంది. పచ్చకామెర్లు బాగా ముదిరినా చెవి దెబ్బతినవచ్చు.

వినపడని బిడ్డకు మాట రాదు. వూళ్ళో అందరూ 'మూగ' అంటారు. చాలాసార్లు లోపం నోటిలో వుండదు. చెవిలో వుంటుంది.

ఏం చేయాలి?

● డాక్టరు సరే అంటే బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టాలి. తండ్రి కూడా ఇట్లా ఎత్తుకోవచ్చు.

● బిడ్డతో మెల్లగా మాట్లాడాలి. జోల పాడాలి. దగ్గర్లో టీవీ మోత పెట్టకూడదు.

● ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే చెవి పరీక్ష అడగాలి. నొప్పి వుండదు. అనుమానం వుంటే మూడు నెలల లోపు తేల్చుకోవాలి. ఆరు నెలల లోపు వైద్యం మొదలుపెడితే మాట వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

● చెవిలో నూనె పోయకూడదు.

● వయసు లెక్క కాన్పు కావలసిన తేదీ నుంచి వేయాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెలలో ఆరు నెలల బిడ్డ చేష్టలు వుంటాయి. దానికి దిగులు పడనక్కర్లేదు. అప్పటికీ చప్పుడుకు తల తిప్పకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

జవాబులు చెప్పండి

1. కడుపులోని బిడ్డకు ఎప్పటినుంచి చప్పుళ్ళు వినపడతాయి?
2. ఎన్ని వారాలకు ముందు పుడితే నెల తక్కువ బిడ్డ అంటారు?
3. మీ వూళ్ళో మాట రాని పిల్లలు వున్నారా? వాళ్ళకు చెవి పరీక్ష చేయించారా? కనుక్కోండి.