ముందు రాడ్లు, తర్వాత ఆగర్: కోనసీమ ఒండ్రునేలల్లో సర్వేకు వెళ్లేవారికి

జియాలజీయో, జియోఫిజిక్సో చదివాక మొదటి ఫీల్డు పని కోనసీమలో పడిందా? ఒక సంగతి ముందే గట్టిగా పట్టుకోండి. ఇక్కడ రెసిస్టివిటీ మీటరు చెప్పిన మాటను, కోర్ తీసి చూడకుండా రిపోర్టుకు ఎక్కించకూడదు.

కారణం ఉప్పు. మంచినీళ్లున్న ఇసుక పొర సాధారణంగా పదుల ఓమ్ మీటర్లు చూపిస్తుంది. తడి బంకమట్టి చాలాచోట్ల పది లోపుకు దిగుతుంది. ఉప్పునీళ్లు నిండిన ఇసుకా అంతే, ఒక్కోసారి ఇంకా కిందకు. రాజోలు దాటి సఖినేటిపల్లి వైపు వెళ్లేకొద్దీ ఈ రెండూ సెక్షన్‌లో ఒకే రంగులో పడతాయి. అంకె చూసి బంకమట్టి అని రాసేస్తే, కింద ఉప్పునీళ్లున్న సంగతి బోరు వేయించుకున్న రైతుకు గానీ తెలియదు.

లైను ఎక్కడ వేయాలి

డెల్టా ఎలా పెరిగిందో తెలియకుండా లైను వేయవద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, జపాన్ శాస్త్రవేత్త యోషికి సైతో తదితరులు గోదావరి డెల్టా పరిణామంపై 2015లో ప్రచురించిన పరిశోధనను బయల్దేరే ముందు చదవండి. వేల ఏళ్లుగా సముద్రం వెనక్కి జరిగినకొద్దీ మిగిలిన పాత తీరాలే నేటి ఇసుక మెరకలు. వాటి మీద ఊళ్లు, కొబ్బరి తోటలు. మధ్య పల్లాల్లో వరి. ఉపగ్రహ చిత్రంలో ఈ చారలు కంటికే కనిపిస్తాయి. లైను మెరక వెంట కాకుండా, మెరకకు అడ్డంగా పల్లంలోకి దిగేలా వేయండి. పొర మారే చోటు అప్పుడే దొరుకుతుంది.

లైను పొడవులో సుమారు ఐదో వంతు లోతు వరకే నమ్మకంగా కనిపిస్తుంది. ఇరవై మీటర్ల లోతు కావాలంటే వంద మీటర్ల లైను పరవాలి. పొడి ఇసుకలో రాడ్ల దగ్గర నీళ్లు పోయండి. జీపీఆర్‌ను శుభ్రమైన ఇసుక మెరకల మీదే వాడండి. బంకమట్టిలో, ఉప్పునేలలో ఆ తరంగాలు కొద్ది లోతుకే ఇంకిపోతాయి. మోటార్ల కరెంటు తీగలు, ఇనుప కంచెలు, భూమిలోని పైపులు రీడింగును పాడుచేస్తాయి. అవి ఎక్కడున్నాయో నోటుబుక్కులో గీసుకోండి.

పైపుల సంగతి రీడింగుతోనే ఆగదు. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. లైన్లు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో గెయిల్, ఓఎన్‌జీసీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోనిదే ఆగర్ దించకండి.

కోర్ తీసేటప్పుడు

సెక్షన్‌లో రంగు మారిన చోట ఒకటి, మారని చోట ఒకటి, కనీసం రెండు కోర్లు తీయండి. మట్టిలో చేతి ఆగర్ చాలు. నీటిమట్టం కింద ఇసుక గుంటలోకి జారిపోతుంది కాబట్టి అక్కడ కేసింగ్ పైపు కావాలి. కోర్ తీసే గొట్టం ఎంత దిగింది, లోపల మట్టి ఎంత వచ్చింది అనే రెండు కొలతలూ రాయండి. మట్టి అదుముకుపోతే ఆ తేడాయే లోతు లెక్కను కాపాడుతుంది. పైకొన ఏదో ఆ గొట్టం మీదే గుర్తు పెట్టండి.

కోర్‌ను నిలువునా చీల్చిన వెంటనే ఫొటో తీసి, తడి ఆరకముందే రంగు రాయండి. చిటికెడు మట్టి తడిపి వేళ్ల మధ్య నులమండి: తీగలా సాగితే బంకమట్టి, సాగకుండా పిండిలా జారితే ఒండ్రు, గరగరలాడితే ఇసుక. బూడిదరంగు మట్టిలో గవ్వ ముక్కలు కనిపిస్తే, వాటిని విడిగా కవర్లో వేసి లోతు రాయండి. రేడియోకార్బన్ పరీక్షకు అవే ఆధారం. ఇసుక వయసు ఓఎస్‌ఎల్ పద్ధతిలో కట్టాలంటే మాత్రం ఆ నమూనాకు వెలుతురు తగలకూడదు. ఇనుప గొట్టంతో తీసి, రెండు కొనలూ నల్లకవరుతో మూసి పంపాలి.

ఊరివాళ్లతో

వరదల కాలం పోయాక, సంక్రాంతి నుంచి మే వరకు పని పెట్టుకోండి. కొత్తపేట వైపు లంకలకు పడవ మీద వెళ్లాల్సి వస్తే బ్యాటరీలు, మీటరు నీళ్లు చొరని పెట్టెల్లో ఉండాలి.

చేలో రాడ్లు పాతగానే, "ఏవండీ, గ్యాస్ కోసమా?" అని అడుగుతారు. దాటవేయకుండా ఉన్నది చెప్పండి. రైతు ఒప్పుకున్నాకే చేలో దిగండి, పని అయ్యాక గుంట పూడ్చండి. పెద్దవాళ్లు కనిపిస్తే, "బాబాయ్ గారూ, ఎనభయ్యారు వరదకి ఇసుక మేట ఎక్కడ వేసిందండీ?" అని అడగండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆయన చూపించిన చోట కోర్ తీస్తే, పైపొరల్లోని ఇసుకకు ఏడాదితో సహా ఆధారం దొరకవచ్చు.

ఉద్యోగానికి

జీఎస్‌ఐ, కేంద్ర భూగర్భజల బోర్డు పోస్టులకు యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. ఇంటర్వ్యూకు ఒక్క లైను సెక్షన్, దాని మీది కోర్ వివరాలు క్షుణ్ణంగా తెలుసుకుని వెళ్లండి. రెండూ ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో, తేల్చడానికి నీటి నమూనా ఎక్కడ తీశారో చెప్పగలిగితే, మిమ్మల్ని మీటరు తిప్పేవాడిగా కాదు, నేలను చదవగలిగినవాడిగా లెక్కిస్తారు.