వేడెక్కిన ర్యామ్: హార్డ్‌వేర్ ఉద్యోగార్థులు నేర్వవలసిన నిర్ణయక్రమము

చల్లగా ఉన్నంతసేపు నిర్దోషముగా పనిచేసి, అరగంట గేము సాగినంతనే నీలితెర చూపి ఆగిపోయి, కొంతసేపు ఆపి మరల వేయగా ఏమియు నెరుగనట్లు నడచు డెస్క్‌టాప్ సర్వీసు బల్లపైకి వచ్చినపుడు, ఐటీఐలో హార్డ్‌వేర్ ట్రేడు ముగించియో, కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్షలు రెండును నెగ్గియో కొత్తగా పనిలో చేరిన అభ్యర్థి సాధారణముగా ర్యామ్ మార్చి పంపివేయును. యంత్రము బాగుపడినను పడవచ్చును. కారణము తేల్చనిచో అదే యంత్రము వేసవిలో మరల బల్లకెక్కును.

ర్యామ్ చిప్పునందు ప్రతి బిట్టును అతిసూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశరూపమున నిలిచియుండును. ఆ ఆవేశము అనవరతము కారిపోవుచుండుటచే 64 మిల్లీసెకండ్లలోపల దానిని మరల నింపవలయును. వేడిమి హెచ్చినకొలది ఈ స్రావమును హెచ్చును గనుకనే, చిప్పు 85 డిగ్రీల సెల్సియస్ దాటినచో ఆ గడువును 32 మిల్లీసెకండ్లకు కుదింపవలెనని డీడీఆర్4 ప్రమాణము విధించుచున్నది. వేగముపై మోజుతో బయాస్‌లో రిఫ్రెష్ వ్యవధిని పొడిగించి, 1.2 వోల్టులకు బదులు అధికవేగపు ప్రొఫైలైన ఎక్స్ఎంపీ ద్వారా 1.35 వోల్టులిచ్చి నడపువారి యంత్రములలో ఆ వేడిమికి చేరకముందే దోషములు పొడసూపుటలో వింత యేమున్నది?

ఇచ్చట అనుభవజ్ఞులును తరచు మోసపోవు విషయమొకటి కలదు. యూఎస్‌బీ నుండి మెమ్‌టెస్ట్86 నడపగా ఒక్క లోపమైనను కానరాకపోవచ్చును. ఏలయన ఆ పరీక్షలో గ్రాఫిక్స్ కార్డు దాదాపు విశ్రాంతిగా నుండును, గేములోనో అది వెడలగ్రక్కు వేడిగాలి క్యాబినెట్‌లో పైకెగసి ర్యామ్ స్టిక్కులను చుట్టుముట్టును. కావున ఆ పరీక్ష ముగిసిన పిమ్మట, విండోస్‌లో గ్రాఫిక్స్ భారమును మెమరీ పరీక్షను ఏకకాలమున నడపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అను సాఫ్ట్‌వేరులో ర్యామ్ ఉష్ణోగ్రతను గమనింపవలయును. డీడీఆర్5 మాడ్యూళ్లలో ఇందుకు సెన్సరుండును. డీడీఆర్4లో అనేకములకు లేదు. లోపము కనబడినతోడనే, మరేదియు ముట్టక, చిన్న ఫ్యాను నొకదానిని ర్యామ్‌వైపు త్రిప్పి చూడుము: లోపములు మాయమైనచో వేడిమి పాత్ర స్థిరపడినది. పిదప ఫ్యాను తీసి ఎక్స్ఎంపీ ఆపుము. అదే వేడిలో యంత్రము నిలిచినచో సెట్టింగులను అనుమానింపవలయును. చల్లగా, సహజవేగమున సైతము లోపము వచ్చినచో మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా ఒకే స్లాటులోను, ఒకే మాడ్యూలును వేర్వేరు స్లాటులలోను పరీక్షింపుము. పలుమారులు తుది మరమ్మతు కొత్త ర్యామ్ కాక, ధూళి పట్టిన వెనుక ఫ్యానును శుభ్రపరచుటయే!

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణములలో చేరగోరువారైనను, డేటా సెంటర్లలో ఈసీసీ (దోషములను సరిదిద్దు) మెమరీ లోపముల లాగ్‌లను చదువు ఉద్యోగమును కోరువారైనను, ఇంటర్వ్యూకు పోవునపుడు తాము తేల్చిన ఇట్టి కేసుల జాబ్‌కార్డులు రెండు మూడు, గది ఉష్ణోగ్రతయు, ర్యామ్ ఉష్ణోగ్రతయు, చేసిన మార్పును, వచ్చిన ఫలితమును వ్రాసినవి, కస్టమరు పేరు కొట్టివేసి వెంట గొనిపోవుట మేలు. నా యభిప్రాయమున సర్టిఫికెటు కంటె ముందుగా చూపవలసినవి ఆ జాబ్‌కార్డులే. ఏ ప్లస్ అక్కరలేదని కాదు, పెద్ద సంస్థలలో దరఖాస్తుల వడపోత దాటుటకు అదియు ఉపకరించును.